మొదటి కార్డు

మీరు ఇప్పుడు గోరంత చిప్పు ఉన్న చిన్న బోర్డు ఒకటి కొనుక్కున్నారనుకోండి. దానితో పాటు కొన్ని నమూనా ప్రోగ్రాములు వస్తాయి. దీపాన్ని వెలిగించి ఆర్పేది ఒకటి, మీట నొక్కితే బదులు చెప్పేది ఒకటి, వేడి కొలిచి చూపేది ఒకటి. బోర్డు ఎవరిదైనా ఇంచుమించు ఇవే ఉంటాయి. మీరు వాటిని ఒకసారి నడిపి చూసి, దీపం వెలగ్గానే "సరే, పనిచేస్తోంది" అనుకుని చెరిపేసి, మీ సొంత పని మొదలుపెడతారు. తప్పేం లేదు, అవి ఉన్నదే అందుకు. వాటిని రాసినదెవరో మీకు తెలియదు, తెలియనవసరమూ లేదు. నేను ఆ రాసేవాళ్ళ బాపతు.

నా రోజుల్లో యంత్రం గోరంత కాదు, గదంత ఉండేది. అరవైల చివర, హైదరాబాదులో, యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక యంత్రం ఉండేది. అక్కడ నేను తాత్కాలిక ప్రోగ్రామర్‌ని. మాది కడప వైపు. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, "కంప్యూటర్ అంటే ఏమిటే?" అని ఇంట్లో అడిగితే సరిగ్గా జవాబు చెప్పలేకపోయినా, ఉద్యోగం వచ్చిందని రైలెక్కి వచ్చేశాను. అడిక్‌మెట్‌లో ఒక ఇంటి వెనక గది అద్దెకు దొరికింది. ముందుభాగంలో ఉన్నవాళ్ళు మంచివాళ్ళే. పెళ్ళికాని పిల్ల ఒంటరిగా ఉంటోందంటే ఏమో అని కొంచెం దూరంగా ఉండేవాళ్ళు. నేనూ పోయి పలకరించే రకం కాదు.

ఆ ఏడాది యూనివర్సిటీ అట్టుడికిపోయింది. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకే దక్కాలని ఊరేగింపులు, బందులు, నెలల తరబడి క్లాసులు లేవు. కుర్రవాళ్ళ కోపంలో న్యాయం ఉందని నాకు తెలుసు. వాళ్ళకు రావలసిన కుర్చీల్లో కూర్చున్నది నాలాంటి వాళ్ళేనని కూడా తెలుసు. నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు. నేనే ముందుజాగ్రత్తగా నోరు కట్టేసుకున్నాను. నోరు తెరిస్తే కడప బయటపడుతుంది మరి. బస్సులో టిక్కెట్టు కూడా వేలు చూపించి తీసుకునేదాన్ని. ఒకసారి సోమవారం పొద్దున ఆఫీసులో ఎవరో ఏదో అడిగితే బదులు చెప్పబోయి, గొంతు జీరపోయి మాట రాలేదు. శనివారం మధ్యాహ్నం తర్వాత గొంతు వాడటం అదే మొదలు. జలుబు చేసిందని అబద్ధం చెప్పాను.

ఇక పని సంగతి. క్యాంపస్ యంత్రం కార్డులు తినేది. మనం కాగితం మీద రాసిచ్చిన ప్రోగ్రామును పంచ్ రూములో కూర్చున్నవాళ్ళు అట్టకార్డుల మీద చిల్లులుగా కొడతారు, ఒక్కో వరుసకు ఒక్కో కార్డు. ఆ కార్డుల కట్టను యంత్రం గదిలో ఇస్తే యంత్రం చదువుతుంది. క్యాంపస్‌కు రెండు మైళ్ళ లోపే, తార్నాకలో, ఒక పరిశోధనశాల ఉండేది. వాళ్ళు కొత్తగా ఇంకో యంత్రం తెచ్చుకున్నారు. అది చిన్నది, బీరువా అంత. లెక్కలు చెయ్యడానికి కాదు, వస్తువులకు కాపలా కాయడానికి. నీళ్ళ తొట్టి వేడెక్కుతుంటే చూసి హీటరు ఆపడం, చల్లబడితే మళ్ళీ వెయ్యడం, అలాంటి పనులు. ఈ రోజు మీ ఇంట్లో వాషింగ్ మెషిన్ లోపల గోరంత చిప్పు చేసే పనే. ఆ యంత్రానికి కార్డులు పడవు, చిల్లుల కాగితం టేపు కావాలి.

రెండు యంత్రాల మీదా ఒకే రకం నమూనా ప్రోగ్రాములు తయారుచెయ్యమని నాకు పురమాయించారు. కొత్తగా వచ్చేవాళ్ళు ఇక్కడ నేర్చుకుని అక్కడికి వెళ్ళినా, అక్కడ నేర్చుకుని ఇక్కడికి వచ్చినా తికమక పడకూడదన్నది ఉద్దేశం. వినడానికి చక్కగా ఉంటుంది. చెయ్యబోతే తెలుస్తుంది. ఒక యంత్రం మనలాగా పదితో లెక్కపెడుతుంది, ఇంకొకదానికి ఏడు దాటితే కొత్త వరుస. పైగా నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళే లేరు, క్లాసులు ఉంటే కదా. రాని విద్యార్థుల కోసం పాఠాలు రాస్తూ కూర్చున్నాను.

తార్నాకలో ఆ యంత్రం చూసుకునే ఇంజనీరు నల్గొండ వైపు వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాడు. ఆ ఇంట్లో చదువుకున్న మొదటివాడు. నేను కాగితం మీద రాసి పంపినదాన్ని తనే కూర్చుని, టేపు మీద ఒక్కో అక్షరమూ కొట్టుకునేవాడు. మొదటి నమూనా, దీపం వెలిగి ఆరేది, పంపించిన రోజు ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ దీపం ఆర్తలేదు."

"ఆరకపోవడమేంది? ఇక్కడ ఆరుతోంది కదా."

"గీడ వెలిగినకాడికి వెలిగే ఉన్నది. నేను పదిసార్లు చూసిన."

ఆలోచిస్తే అర్థమైంది. దీపం వెలిగాక కాసేపు ఆగడానికి యంత్రం చేత ఊరికే అంకెలు లెక్కపెట్టించాను. మా క్యాంపస్ యంత్రం నిదానస్తురాలు, లెక్కపెట్టేసరికి కనురెప్ప కొట్టినంత సేపయ్యేది. వాళ్ళది చలాకీ మనిషి. లెక్క ఇట్టే ముగించేసి దీపాన్ని ఎంత జోరుగా వెలిగించి ఆర్పుతోందంటే, మనిషి కంటికి వెలిగే ఉన్నట్టు కనిపిస్తోంది. అదే చెప్పాను. ఆయన గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక, ఈ మధ్య నేను నవ్వడం ఎప్పుడా అని వెతుక్కుంటే దొరకలేదు.

తర్వాత పరీక్షించడానికి నేనే తార్నాక వెళ్ళడం మొదలుపెట్టాను. క్యాంపస్‌లో చెట్ల నీడన నడుచుకుంటూ పోయి, రోడ్డు దాటితే వచ్చేస్తుంది. అక్కడ నేను చూసి కళ్ళు తిప్పుకోలేనిది యంత్రం కాదు, మధ్యాహ్నం భోజనం. పనిచేసే పొడుగు బల్ల మీది సామాను ఒక పక్కకు జరిపేవాళ్ళు. పాత పేపర్లు పరిచి, అందరి డబ్బాలూ మధ్యలో పెట్టి మూతలు తీసేవాళ్ళు. ఎవరి డబ్బాలోది ఎవరు తింటున్నారో తెలిసేది కాదు. నేను గోడవార నిలబడితే ఇంజనీరు పిలిచాడు.

"గట్ల నిలవడ్డరేంది మేడమ్? మీ డబ్బా గూడ తెరువున్రి."

నా డబ్బాలో పెరుగన్నం, చెనక్కాయల పొడి. ఆ పొడి క్షణంలో ఖాళీ అయింది. "గిది పల్లి పొడి గాదు, బారూదు, తుపాకి మందు" అని ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ చెయ్యి చాపాడు. క్యాంపస్‌లో నేను యంత్రం గది బయట, చెప్పులు విడిచే చోటు పక్కన, బెంచీ మీద గోడ చూస్తూ తినేదాన్ని. యంత్రం ఉన్న ఆ చల్లటి గదిలోకి తిండి తేకూడదు, మగవాళ్ళ గుంపులోకి పోయి నేను కూర్చోలేను. ఆ పొడుగు బల్ల దగ్గర తిన్న పూట గదికి తిరిగొచ్చి, దుప్పటి కప్పుకుని, సిగ్గు లేకుండా ఏడ్చాను.

కాబట్టి తార్నాకలో ఒక పోస్టు వస్తోందని తెలిసినప్పుడు నాకు ఎంత ఆశ కలిగిందో మీరు ఊహించుకోవచ్చు. నమూనా ప్రోగ్రాములు రాయడానికీ, వచ్చినవాళ్ళకు నేర్పడానికీ ఒక మనిషి కావాలి. పర్మినెంటు. ఆ పరిశోధనశాల అధికారి, చాలా పెద్దమనిషి, నాతోనే అన్నాడు: "పైనుంచి కమిటీ వస్తుంది. వాళ్ళ ముందు మీ ప్రోగ్రాములు రెండు యంత్రాల మీదా నడిస్తే ఇక వేరేవాళ్ళను వెతకడం దేనికి?" పర్మినెంటు అన్న మాట నా చెవికి ఎక్కలేదు. ఆ బల్ల దగ్గర నాకొక కుర్చీ ఉంటుంది, అంతే అనుకున్నాను. అంతకన్నా ఎక్కువ నేను జీవితంలో ఏ ఉద్యోగం నుంచీ ఆశించలేదు.

ఇక్కడ మా క్యాంపస్ విభాగం పెద్దాయన గురించి చెప్పాలి. ఆయన చదువులో గట్టివాడు, కానీ ఫెయిర్ కాపీ పిచ్చి. ఏ కాగితమైనా సరే, కొట్టివేతలు లేకుండా మళ్ళీ రాయించందే సంతకం పెట్టేవాడు కాదు. కమిటీ వచ్చే ముందు తార్నాక వెళ్ళి మా టేపులు చూశాడు. ఇంజనీరు చేత్తో కొట్టిన టేపులు అవి. తప్పు పడిన చోట అతుకులు, అరిగిన చోట జిగురు కాగితం. నడవడానికి బ్రహ్మాండంగా నడుస్తున్నాయి.

"ఇవి పెద్దవాళ్ళ ముందు పెడతారా? చిరుగు పంచె కట్టుకుని పెళ్ళికి పోయినట్టుంది" అన్నాడు.

"మంచిగనే నడుస్తున్నయి సార్. నడిచేదాన్ని ఎందుకు కదిలించాలె?" అన్నాడు ఇంజనీరు.

"అన్నీ క్యాంపస్‌లో కార్డుల మీద కొట్టించి, మా యంత్రం చేతనే కొత్త టేపులు తీయిస్తాను. నీట్‌గా వస్తాయి."

మా యంత్రానికి ఆ వసతి ఉంది. కార్డులు ఇస్తే వాటిలో ఉన్నది ఉన్నట్టు టేపు మీద చిల్లులు పొడిచి ఇస్తుంది. నేను నీళ్ళు నమిలాను కానీ, తాత్కాలిక ఉద్యోగిని ఎంతవరకు ఎదురు చెప్పగలదు? నా కాగితాలు పంచ్ రూముకు వెళ్ళాయి. కార్డులు అక్కణ్ణుంచి నా చేతికి రాకుండానే యంత్రం గదికి వెళ్ళాయి. తెల్లగా మెరిసే కొత్త టేపులు చుట్టలు చుట్టి, కమిటీ వచ్చిన రోజు పొద్దున్నే తార్నాక చేరాయి. పాతవాటిని పెద్దాయన ముందురోజే చెత్తబుట్టలో వేయించాడు.

ఆ రోజు ముందుగా క్యాంపస్‌లో చూపించాం. నా దీపాలు వెలిగాయి, ఆరాయి. మీటలు నొక్కితే సరైన అంకెలు వచ్చాయి. కమిటీ వాళ్ళు తలలూపారు. అక్కణ్ణుంచి అందరూ కార్లలో తార్నాక వెళ్ళారు. నన్ను కూడా ఒక కారులో వెనక సీటులో ఇరికించారు. గాజు తొట్టిలో నీళ్ళు, అందులో హీటరు, పైన ఎర్ర దీపం సిద్ధంగా ఉన్నాయి. ఇంజనీరు కొత్త టేపు ఎక్కించి మీట నొక్కాడు. టేపు సర్రున లోపలికి పోయింది. యంత్రం ఆగిపోయింది. దీపం వెలగలేదు.

మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ ఆగింది. రెండో ప్రోగ్రాము పెట్టాడు, అదీ అంతే. మూడోదీ అంతే. గదిలో ఎవరో దగ్గారు. బల్ల, కుర్చీ, పేపర్ల మీద డబ్బాలు, అన్నీ కళ్ళ ముందే వెళ్ళిపోతున్నట్టు అనిపించింది. ఇంజనీరు టేపు బయటికి లాగి, కిటికీ దగ్గరికి పోయి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మొదటి చిల్లులు వేలితో తడుముతూ చదివాడు.

"మేడమ్, జర గిటు రాండ్రి. గీ మొదట్ల ఉన్నదేంది?"

నేనూ చదివాను. ఇంగ్లీషు అక్షరాలు మూడు. ఎస్, ఆర్, ఐ. శ్రీ.

నాకు వెంటనే తట్టింది. పంచ్ రూము నుంచి వచ్చే నా ప్రతి కట్టకూ పైన ఆ కార్డు ఉండేది. చాలాసార్లు చూశాను. కాగితం మీద ఏది రాసినా ముందు శ్రీ చుట్టే అలవాటు మనవాళ్ళకు ఉన్నదే కదా, ఇక్కడ అందరి కట్టలకూ అలా పెట్టడం ఆనవాయితీ కాబోలు అనుకుని వదిలేశాను. ఆ కార్డు మూలన ఒక గుర్తు కూడా కొట్టి ఉండేది. ఆ గుర్తు చూస్తే మా క్యాంపస్ యంత్రం 'ఇది నాకు కాదు, మనుషులకు' అనుకుని దాటేసి ముందుకు పోతుంది. టేపు తీసేటప్పుడు మాత్రం ఉన్నది ఉన్నట్టు దాన్నీ పొడిచేసింది. తార్నాక యంత్రానికి అలాంటి మర్యాదలు తెలియవు. టేపు మీద మొట్టమొదట కనిపించిన చిల్లులే తనకిచ్చిన ఆజ్ఞ అనుకుంటుంది. శ్రీ అనే ఆజ్ఞను ఎలా పాటించాలో దానికి తెలియక నిలబడిపోయింది.

ఇంజనీరు అదే కమిటీకి వివరించాడు. మా పెద్దాయన ముఖం కందగడ్డయింది.

"ఇది మా ప్రోగ్రామర్ తప్పు కాదండీ. పంచ్ రూములో కొట్టినామె పని. ఎవరో నాకు తెలుసు. రేపట్నుంచి ఆమె అక్కడ ఉండదు" అన్నాడు.

అంటే నన్ను కాపాడుతున్నాడన్న మాట. నేను ఊరుకుంటే చాలు. ఊరుకుని ఉంటే ఏమయ్యేదో నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. కానీ ఆ క్షణంలో నాకు వచ్చింది ఒళ్ళుమంట. నడుస్తున్న టేపులను చెత్తలో వేయించినవాడు తను. ఒక్క మాట అడక్కుండా, కనుక్కోకుండా, ఇంకొకరి అన్నం మీద చెయ్యి వేస్తున్నాడు. పంచ్ రూములో నా పని చూసేది అంబర్‌పేట నుంచి వచ్చే ఒకామె, నలభై దాటినావిడ. ఉర్దూ మీడియంలో మెట్రిక్ చదివి టైపు నేర్చుకుంది. భర్త పనిచేసే మిల్లు మూతబడింది. ఆమె జీతంతోనే ఇల్లు నడుస్తోందని అందరికీ తెలుసు. ఆమెకూ నాకూ పెద్దగా స్నేహం లేదు. కిటికీలోంచి నేను కాగితాలు ఇస్తాను, ఆమె కార్డులు ఇస్తుంది. అంతే.

"ఆయమ్మది ఏం తప్పు లేదు సార్. అది పెట్టమని చెప్పింది నేనే" అన్నాను.

కడప యాస, అంతమంది ముందు, గట్టిగా. కమిటీలో ఒకాయన పకపకా నవ్వాడు.

"ఎమ్మెస్సీ చదివావు కదమ్మా! యంత్రానికి శ్రీకారం చుడతావా? రేపు గుమ్మానికి గుమ్మడికాయ కూడా కడతావేమో."

అందరూ నవ్వారు. నవ్వకపోతే బాగుండదని కొందరు, నిజంగానే కొందరు. ఇంజనీరు ఒక్కడు నవ్వలేదు. కత్తెర తెచ్చి, టేపుల మొదళ్ళలో ఆ మూడక్షరాలు ఉన్నంత మేర కత్తిరించి, మళ్ళీ ఎక్కించాడు. దీపం వెలిగింది, ఆరింది. తొట్టిలో నీళ్ళు వేడెక్కాయి, హీటరు దానంతట అదే ఆగింది, చల్లబడ్డాక మళ్ళీ అందుకుంది. అన్నీ నడిచాయి. చప్పట్లు కూడా కొట్టారు. ఆ రోజు బల్ల మీద వచ్చినవాళ్ళకు హోటల్ భోజనం పెట్టారు. మా అందరికీ పొట్లాలు ఇచ్చి పంపించారు.

పరిశోధనశాల అధికారి నన్ను పక్కకు పిలిచి మాట్లాడాడు. కోపం ఏమీ లేదు. "ప్రోగ్రాములు బాగున్నాయమ్మా, చాలా బాగున్నాయి. కానీ ఇక్కడ నేర్పేవాళ్ళు ఎలా ఉండాలంటే..." అని ఆగి, మాట దొరక్క, "కమిటీ వాళ్ళు వేరేవాళ్ళను చూద్దామంటున్నారు" అన్నాడు. నేను తల ఊపాను. వాదించడానికి నా దగ్గర ఏముంది? చెప్పిన అబద్ధం వెనక్కి తీసుకుంటే ఒకరి ఉద్యోగం పోతుంది, తీసుకోకపోతే నా కుర్చీ పోతుంది. పోనీ అనుకున్నాను. అలా అనుకోవడం తేలికైందని మాత్రం అనుకోకండి.

గేటు దాకా ఇంజనీరు తోడొచ్చాడు.

"మేడమ్, అది పెట్టమన్నది మీరు గాదని నాకు ఎరుకే. ఇన్ని దినాలు మీ రాత చూసి టేపు కొట్టినోణ్ణి నేను. ఒక్క కాగితం మీద గూడ శ్రీ లేకుండె."

"మరి అక్కడ చెప్పలేదేం?"

"మీరు అంత గట్టిగ చెప్పినంక నేను అడ్డమొస్తే మంచిగుంటదా?"

ఆయన తప్పు లేదు. అయినా ఆ సాయంత్రం క్యాంపస్ లోపలి నుంచి అడిక్‌మెట్‌కు నడిచి వెళ్తుంటే, ఆయన మీద కోపం వచ్చింది, మా పెద్దాయన మీద వచ్చింది, ఆ నవ్వినాయన మీద వచ్చింది. అందరికన్నా ఎక్కువ ఆ పంచ్ రూము ఆమె మీద వచ్చింది. ఊరందరి కార్డులకూ పుణ్యం పంచమని ఎవరు అడిగారు ఈమెను? మర్నాడు పోయి నాలుగు దులిపేద్దామని నిశ్చయించుకున్నాను.

మర్నాడు పంచ్ రూము కిటికీ దగ్గర కాదు, తలుపు తీసుకుని లోపలికే పోయాను. మిగిలినవాళ్ళు టీకి వెళ్ళారు. ఆమె ఒక్కతే ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"అక్కా, నువ్వు కట్టల మీద శ్రీ కార్డు పెడ్తావు కదా. అందరికీ పెట్టేది ఇక మానుకో" అన్నాను.

ఆమె అర్థం కానట్టు చూసింది.

"అందరికి యాడ పెడుతున్న? పెద్ద సార్లకు పెడ్తే కొడ్తరు నన్ను. నీ ఒక్కదానికే పెడ్త."

నాలుగు దులపడానికి వచ్చినదాన్ని, తలుపు దగ్గరగా వేసి ఆమె దగ్గరికి వెళ్ళాను.

"నాకే ఎందుకు?"

"ఊకెనే." కుర్చీలో కూర్చుని, పంచ్ మీద పడిన అట్టముక్కల పొట్టు చేత్తో ఊడుస్తూ చెప్పింది. "గాళ్ళకేంది, ఇంట్ల దీపం పెట్టేటోళ్ళు ఉన్నరు, మొక్కేటోళ్ళు ఉన్నరు. నువ్వు ఆ బెంచీ మీద ఒక్కదానివే కూసోని తింటవ్. ఎవ్వల్తోని మాట్లాడవ్. అమ్మ దగ్గర లేదు, అయ్య దగ్గర లేడు. నీ పని మంచిగ గావాలె అని ఎవరో ఒకరు అనుకోవాలె గద బిడ్డా. నాకు నోటితోని అనుడు రాదు. చేతుల పని ఇదే. గందుకే మొదలు గది కొట్టి, గప్పుడు నీది కొడ్త."

నేను వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను, ముఖం కనపడకుండా. ఏడాదిగా నేను రాసిన ప్రతి ప్రోగ్రాము మీదా ఆ అట్టముక్క ఉంది. నా కోసమని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆఫీసు ఆనవాయితీ అనుకున్నాను.

ఆమె వెనక నుంచి అంది: "తార్నాకల నీకు అయ్యేదుండె, తప్పిపోయిందట గద? అటెండర్ చెప్పిండు. ఏమైందో ఏమో, చెప్పలే. నువ్వు పరేషాన్ గాకు. ఒక్కటి సరిపోతలేదేమో. గిప్పటి సంది రెండు పెడ్త."

నవ్వాలో ఏడవాలో తెలియలేదంటే, అచ్చంగా అదే జరిగింది. అసలు సంగతి నోటిదాకా వచ్చింది, బయటికి రానివ్వలేదు. నా పని ఎందుకు చెడిందో ఆమెకు తెలిస్తే ఆ చేతులు మళ్ళీ నా కార్డులను ముట్టుకోవు. "సరే అక్కా, రెండు పెట్టు" అన్నాను.

మాట తప్పలేదు ఆమె. అప్పటినుంచి నా ప్రతి కట్టకూ పైన రెండు శ్రీలు. మా పెద్దాయన దగ్గర ఒక్క అనుమతి మాత్రం సంపాదించాను, తార్నాక పోయే కార్డులు నా చేతి మీదుగానే యంత్రం గదికి వెళ్ళాలని. ఆయన ఆ మాత్రం ఒప్పుకున్నాడు, నన్ను చూస్తే కొంచెం ఇబ్బంది పడేవాడు అప్పట్నుంచి. కట్ట చేతికి రాగానే పై రెండు కార్డులూ బొటనవేలితో లేపి, పక్కనున్న రేకు డబ్బాలో వేసేదాన్ని. మిగిలినది టేపుకు పోయేది. తార్నాకలో నా కుర్చీలోకి ఒక కుర్రవాడు వచ్చాడు. తెలివైనవాడే. నా నమూనాలు నడిపి చూసి, చెరిపేసి, తన పని చేసుకునేవాడు. నేను బెంచీ మీదే తినేదాన్ని. కాకపోతే అప్పుడప్పుడు పంచ్ రూము కిటికీలోంచి ఒక చెయ్యి సర్వపిండి ముక్క అందించేది, మాట లేకుండా. నేనూ మాట లేకుండా తీసుకునేదాన్ని. మా ఇద్దరికీ మాటలు రావు.

అలా ఎన్నాళ్ళు గడిచాయో లెక్క చెప్పలేను. క్లాసులు మళ్ళీ మొదలయ్యాయి, పిల్లలు వచ్చారు, నా నమూనాలు వాళ్ళకు పనికొచ్చాయి. ఇంతలో నేను మా ఊరు వెళ్ళవలసి వచ్చి కొన్నాళ్ళు సెలవు పెట్టాను. తిరిగొచ్చేసరికి బల్ల మీద పని పేరుకుపోయింది. తార్నాకకు అర్జెంటుగా ఒక కొత్త నమూనా పోవాలి. కాగితాలు అటెండర్ చేత పంచ్ రూముకు పంపించాను, కట్ట మధ్యాహ్నానికి అటెండరే తెచ్చి ఇచ్చాడు. ఎవరితోనో మాట్లాడుతూనే పై రెండు కార్డులు లేపి డబ్బాలో వేసి, మిగిలినది యంత్రం గదికి పంపించాను. టేపు తార్నాక చేరింది, కట్ట నా బల్ల మీదికి తిరిగొచ్చింది.

సాయంత్రం ఇంజనీరు ఫోన్ చేశాడు.

"మేడమ్, గీ టేపు నడుస్తలేదు. మొదలే లేదు దీనికి. సీదా నడిమిట్లకెళ్ళి షురూ అయితున్నది."

"అట్లెట్లవుతుంది?" అంటూనే డబ్బాలోకి చూశాను. పైన ఉన్న రెండు కార్డులు తీసి వెలుతురుకు పట్టుకున్నాను. ఎస్ లేదు, ఆర్ లేదు. నేను రాసిన ప్రోగ్రాములోని మొదటి రెండు వరుసలు అవి.

అటెండర్‌ను పిలిచి అడిగాను. "ఆమె పోయింది గద మేడమ్, మీరు ఊర్ల ఉన్నప్పుడే. పెనిమిటికి వరంగల్‌ల పని దొరికిందట, ఇల్లు ఖాళీ చేసి పోయిన్రు. మీ కోసం రెండు మూడు సార్లు వచ్చి చూసి పోయింది. ఇప్పుడు కొత్త పిల్లగాడు కొడుతున్నడు, మస్తు స్పీడు."

ఫోన్‌లో ఇంజనీరు ఇంకా ఉన్నాడు. "ఉన్నరా మేడమ్?" అంటున్నాడు. "ఉన్నాను. సరైన టేపు పొద్దున పంపిస్తాను" అని పెట్టేశాను. ఆ ఊళ్ళో అడుగు పెట్టినప్పటి నుంచీ నాకెవరూ లేరని అనుకుంటూనే వచ్చాను. నాకెవరూ లేకుండా పోయింది ఆ పూటే. ఆ రెండు కార్డులనూ కట్ట మీద వాటి చోట్లో పెట్టి, చెప్పులు విడిచి, యంత్రం గదిలోకి వెళ్ళాను.